దీనసహాయ ధర్మములు : వాని పూర్వోత్తరములు

ఈ వార్షిక మహాసభ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. పూర్వపురుషుల ప్రతాపములను కీర్తించు వ్యాసములు ఏటేట వచ్చుచునే యున్నవి. నేనీమారు వేఱొక చరిత్రమును చెప్పదలచితిని. ఆపదలో నున్న పేదకు పదుగురు చేరి చిన్న మొత్తమొకటి చేతిలో నుంచు ధర్మము మనదేశమున నెట్లు నిలిచినది, ఎచ్చట చెడినది యనునదియే నా విషయము. మన సంఘమునకును సహాయనిధి యొకటి యున్నది గావున నిది కేవలము కాలక్షేపమునకు చదువదగిన కథ కాదు.

మన ధర్మశాస్త్రకారులు పుణ్యకర్మలను ఇష్టమనియు పూర్తమనియు రెండుగా విభజించిరి. యజ్ఞాదులు ఇష్టము. నూతులు, చెఱువులు, తోటలు, అన్నసత్రములు పూర్తము. ఇష్టమునందు అధికారము కొందఱిది, పూర్తమునం దందఱిది. దానమునుగూర్చి వంగదేశపు రాజగు బల్లాలసేనుడు దానసాగరమును, పదమూడవ శతాబ్దమున హేమాద్రి చతుర్వర్గచింతామణిలో దానఖండమును రచించిరి. ఈ గ్రంథములు ప్రధానముగా బ్రాహ్మణ ప్రతిగ్రహీతల యోగ్యతను విచారించునవియే యని యొప్పుకొనవలెను. అయినను దీనుడు, అనాథుడు, రోగి యనువారి విషయమున మన పెద్దలు విద్యను గాని వంశమును గాని అడుగలేదు. వారి యక్కఱయే వారి పాత్రత.

ఈ భావము గ్రంథములందే నిలిచిపోలేదనుటకు గుంటూరుసీమలోని మల్కాపుర శాసనము సాక్షి. ఇది 1261వ సంవత్సరమునాటిది. కాకతీయ గణపతిదేవుడు తన గురువగు విశ్వేశ్వరశివాచార్యునకు మందడము గ్రామమును సంకల్పింపగా, రుద్రమదేవి వెలగపూడిని గూడ చేర్చి ధారపోసెను. నేడు మన రాష్ట్ర సచివాలయమున్న వెలగపూడి యిదియే. ఆచార్యుడా యాదాయమును తనకై దాచుకొనలేదు. మూడు పాళ్లు చేసి, ఒకటి దేవాలయమునకును, ఒకటి మఠమునకును విద్యార్థులకును, మూడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును ఏర్పఱచెను. ఆ సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్లరకు అన్నము పెట్టవలెనని నియమము. ఏడువందల యేండ్లకు పైబడిన మాట యిది.

మనకు చేరువనున్న ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనములలో వేఱొక పాఠమున్నది. అఖండదీపములకై గొఱ్ఱెలను, గోవులను సమర్పించిన వార్తలందు పెక్కులు. దాత మందను కాపరి కప్పగించును. కాపరి దినదినమును నేయి కొలువవలెను. మంద మాత్రము తఱుగరాదు. చచ్చినదానికి బదులు పుట్టినది చేరును. మూలధనము తనంతట పెరుగునదై యుండవలెననియు, దానిని కాచుటకు బాధ్యుడొక డుండవలెననియు ఆనాటివారెఱిగిరి. నేటి మన ధర్మనిధులలో ఈ రెండును కొఱవడుచున్నవి.

ఇక మన కోనసీమకే కీర్తి తెచ్చిన తల్లి చరిత్రము. డొక్కా సీతమ్మగారు 1841లో మన ఆలమూరికి పొరుగుననే యున్న మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు. అడిగినవారికెల్ల అన్నము పెట్టుటచే జనులాయనను ‘బువ్వన్న’ యని పిలిచెడివారట. లంకలగన్నవరమున డొక్కా జోగన్నగారి యిల్లాలై, ఆమె తండ్రి ధర్మమునే కొనసాగించెను. గోదావరి పాయలు దాటి లంకల మీదుగా పోవు బాటసారులు వేళగాని వేళ వచ్చినను ఆ యింట పొయ్యి చల్లారెడిది కాదు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినను, అన్నదానమును విడిచి రాజాలనని ఆమె చెప్పగా, ఆమె ఛాయాచిత్రమును మాత్రము తీయించి కొనిపోయిరని ప్రసిద్ధి. 1909లో ఆమె పరమపదించెను. గన్నవరమున 2000వ సంవత్సరమున నిర్మితమైన అక్విడక్టుకు ఆమె పేరు పెట్టిరి. 2024లో బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆ పేరే యుంచిరి.

ఆమె ధర్మమునకు నిధి లేదు, నియమావళి లేదు. అట్టివారు తరమున కొక్కరు పుట్టుటయే అరుదు. అందుచేతనే సామాన్యులమగు మనకు సంఘమును, నిధియు, లెక్కలును కావలసివచ్చినవి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1906లో రాజమహేంద్రవరమున హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దాని కర్పించిరి. కోరంగిలో పుట్టి రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగనాయకరుగారి యాస్తితో కాకినాడలో ఎం.ఎస్‌.ఎన్‌. ధర్మసంస్థ వెలసినది. వ్యక్తి పోయినను ధర్మము పోకుండవలెనని వారు చేసిన యేర్పాటులివి.

అట్లని నిధి యున్నంతనే ధర్మము నిలుచునా? ఇంగ్లండున 1601లో ధర్మనిధులనుగూర్చి యొక శాసనము చేసిరి. వృద్ధులకును అశక్తులకును సహాయము, పేదకన్యల వివాహము మొదలగునవి అందు ధర్మకార్యములుగా పరిగణింపబడినవి. గ్రామగ్రామమున దాతలు కొంత భూమిపై శాశ్వతముగా ఇంత రొక్కమని యేర్పఱచి, పేద వితంతువులకు రొట్టెయో బొగ్గులో ధనమో పంచునట్లు వ్రాసిపోయిరి. దాతల పేర్లు చర్చిగోడలపై పలకల కెక్కినవి. కాలక్రమమున ధరలు పెరిగినవి. ఆ రొక్కము పెరుగలేదు. కొన్నిచోట్ల పలక మిగిలినది, రొట్టె పోయినది. తుదకు 1853లో ధర్మనిధుల విచారణకై ప్రత్యేకాధికారులను నియమింపవలసివచ్చెను.

మన స్థితియు నిట్టిదే. వేయి రూపాయలు నూటికి మూడు వడ్డీకి నిలువచేసిన దాతనిధి ఏటికి ముప్పది రూపాయలిచ్చును. ఒకనాడది ఒక పేదవిద్యార్థి పుస్తకములకు చాలెడిది. నేడొక పూట భోజనమునకైనను చాలదు. ఫలకముపై దాత పేరు మాత్రము చెక్కుచెదరలేదు. ద్రాక్షారామ కాపరి మంద తఱుగకుండ చూచెను. మనము సంఖ్య తఱుగకుండ చూచి, విలువ తఱిగిపోవుచుండగా నూరకుంటిమి.

ధనముకంటెను ముందుగా చెడునది మర్యాద. నా యనుభవ మొకటి విన్నవింతును. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చినది. ఆనాడు నా తరగతిలో దింపుపని చేయువాని కుమారుడొకడుండెను. చెట్లే లేనప్పుడు దింపులెక్కడివి? సహాయము చేయనెంచిన యొక సభవారు పేర్లడుగగా వానిపేరు నేనే వ్రాసియిచ్చితిని. సభలో వానిని వేదికపైకి పిలిచి, యింటి దారిద్ర్యమును బిగ్గఱగా చదివి, ఫొటో తీసి కవరు చేతికిచ్చిరి. నేను ముందువరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టితిని. మూడుదినములు వాడు బడికి రాలేదు. నాలుగవనాడు వచ్చి ఆ కవరును విప్పకయే నా బల్లపై నుంచి, “ఇది వద్దని నాన్న చెప్పమన్నాడండి, మాస్టారూ” అనెను. దానఖండమును చదివిన నాకు, దానము పుచ్చుకొనువాని తల వంగరాదని ఆ పిల్లవాడు నేర్పవలసివచ్చినది. వాని పరీక్షరుసుమును పిమ్మట నెవ్వరికిని తెలియకుండ కట్టితిని. ఆ చప్పట్లను మాత్రము మఱువలేకున్నాను.

కావున మహాసభవారికి నాలుగు మనవులు. సహాయము కోరువారి పేర్లు ఇద్దఱు పెద్దలకు దప్ప నితరులకు తెలియరాదు. సంచికలో మొత్తములు ప్రకటింపుడు, పేర్లు వలదు. ఆపద వచ్చిన మూడుదినములలో కొంతయైనను చేరవలెను. సంవత్సరాంత సమావేశమువఱకు ఆకలి యాగదు. ఏటేట వడ్డీలో కొంత మూలధనమున కలిపి మందను కాపాడుడు. కడపటిది, కొందఱకు రుచింపకపోవచ్చును: రాబడిలో మూడవపాలు కులభేదము లేక ఊరిలోని యే పేదకైనను చెందునట్లు తీర్మానింపుడు. మన కులముయొక్క ధనమును పరులకేల యని యడుగువారికి మల్కాపుర శాసనమును చూపుదును. సీతమ్మగారి యింటి అరుగుపై విస్తరి వేయుటకుముందు కులమడిగిరని నేనెన్నడును వినలేదు.

ఈ తీర్మానము ఈ సభలోనే జరుగునేని, వచ్చు సంవత్సరపు సంచికలో దాతల పట్టికతోపాటు, పేర్లులేని యొక చిన్న లెక్కల పట్టికను చదువు భాగ్యము నాకు కలుగును. తప్పులున్న పెద్దలు మన్నింతురుగాక.