రేడియో నియంత్రిత కార్ల విడిభాగాల అతిధ్వని శుభ్రత

మనిషి చెవికి వినిపించని అతిధ్వనులను ద్రవంలోకి పంపి, ఆ ద్రవంలో మునిగి ఉన్న వస్తువులకు పట్టిన మురికిని వదలగొట్టే పద్ధతిని అతిధ్వని శుభ్రత అంటారు. ఇందుకు వాడే పరికరాన్ని అల్ట్రాసోనిక్ క్లీనర్ అని వ్యవహరిస్తారు. నగల దుకాణాలలోను, దంతవైద్యశాలలలోను, వాహనాల ఇంధన ఇంజెక్టర్లను బాగుచేసే వర్క్‌షాపులలోను ఈ పరికరం వాడుకలో ఉంది. రేడియో నియంత్రిత కార్లను నడిపేవారు కూడా బేరింగులు, కార్బురేటర్లు, గేర్లు, మరలు మొదలైన చిన్న భాగాలను శుభ్రపరచడానికి దీనిని ఉపయోగిస్తారు. బ్రష్షు చేరలేని సందులలోని మురికిని సైతం తీసివేయడం ఈ పద్ధతి ప్రత్యేకత. అయితే మురికితో పాటు ఆ భాగానికి అవసరమైన నూనెను కూడా ఇది తీసివేస్తుంది. అందువలన ఏ భాగాన్ని ఏ ద్రవంలో ఉంచాలి, బయటకు తీసిన తరువాత ఏమి చేయాలి అన్న రెండు విషయాలపైనే ఫలితం ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

కొన్ని స్ఫటికాలను నొక్కినపుడు వాటిలో విద్యుదావేశం పుడుతుందని జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. దీనినే పీడన విద్యుత్ ఫలితం అంటారు. ఇందుకు విపర్యయంగా, అటువంటి స్ఫటికానికి విద్యుత్తును అందిస్తే అది కంపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవిన్ ఈ సూత్రం ఆధారంగా నీటిలో అతిధ్వనులను పుట్టించే పరికరాన్ని జలాంతర్గాములను కనిపెట్టడం కోసం రూపొందించాడు. ద్రవంలోని బుడగ కూలిపోయేటపుడు కలిగే పీడనాన్ని లార్డ్ రేలీ 1917లో గణితపరంగా వివరించాడు. ఓడల చోదక చక్రాలు నీటిలో గుంటలు పడి పాడవడానికి కారణమైన ఈ దృగ్విషయమే శుభ్రపరచే యంత్రంలో ఉపయోగకరంగా మారింది. 1950లలో అతిధ్వని శుభ్రత పరిశ్రమలలో వ్యాపించింది. జపానుకు చెందిన టామియా సంస్థ 1976లో పోర్షే 934 నమూనా కారును విడుదల చేసిన తరువాత రేడియో నియంత్రిత కార్ల అభిరుచి విస్తరించింది. చిన్న యంత్రాల ధర తగ్గడంతో ఈ అభిరుచి గలవారు వాటిని ఇళ్ళలో కూడా వాడసాగారు.

పనిచేయు విధానం

యంత్రంలో స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి, దాని అడుగున అతికించిన కంపన సాధనాలు, వాటికి విద్యుత్తును అందించే వలయం ప్రధాన భాగాలు. చాలా యంత్రాలలో ద్రవాన్ని వేడిచేసే ఏర్పాటు, సమయాన్ని నిర్ణయించే గడియారం కూడా ఉంటాయి. మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు వినగలదు. చిన్న యంత్రాలు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంతో, అంటే సెకనుకు 40,000 కంపనాలతో పనిచేస్తాయి.

ధ్వని తరంగం ద్రవంలో ప్రయాణించేటపుడు పీడనం ఒకసారి తగ్గి మరొకసారి పెరుగుతుంది. తగ్గినపుడు ద్రవంలో కంటికి కనిపించని బుడగలు ఏర్పడతాయి. పెరిగినపుడు అవి ఒక్కసారిగా కూలిపోతాయి. దీనిని కావిటేషన్ అంటారు. వస్తువు ఉపరితలానికి దగ్గరగా బుడగ కూలినపుడు సన్నని ద్రవధార ఆ ఉపరితలాన్ని తాకి మురికిని ఊడగొడుతుంది. పౌనఃపున్యం తక్కువైతే బుడగలు పెద్దవిగా, దెబ్బ బలంగా ఉంటుంది. పౌనఃపున్యం ఎక్కువైతే బుడగలు చిన్నవిగా, ప్రభావం మృదువుగా ఉంటుంది.

నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,480 మీటర్లు. కాబట్టి 40 కిలోహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం దాదాపు 37 మిల్లీమీటర్లు. తొట్టిలో స్థిర తరంగాలు ఏర్పడటం వలన శుభ్రపరచే శక్తి అన్ని చోట్లా ఒకే విధంగా ఉండదు. అందుకే భాగాలను మధ్యమధ్యలో కదిలించడం అవసరం. వంటింట్లో వాడే పలుచని అల్యూమినియం రేకును నడుస్తున్న తొట్టిలో ఒక నిమిషం పాటు నిలువుగా ఉంచి, దానికి పడిన చిల్లులను బట్టి శక్తి ఎక్కడ ఎక్కువగా ఉన్నదో తెలుసుకోవచ్చును.

మురికి స్వభావం

మట్టి బాటలపై నడిచే విద్యుత్ కార్లలో ధూళి, ఇసుక, గ్రీజుతో కలిసి గట్టిపడిన మన్ను ప్రధాన సమస్య. నైట్రో కార్ల ఇంధనంలో మిథనాల్, నైట్రోమిథేన్, కందెన నూనె ఉంటాయి. ఆముదం కలిసిన ఇంధనాన్ని వాడితే అది వేడికి మాడి ఇంజను భాగాలపై గోధుమరంగు పొరగా అంటుకుంటుంది. మెత్తని మట్టి, నురుగు, రబ్బరు ధ్వనిని పీల్చుకుంటాయి. అందువలన మందంగా పట్టిన మట్టిని ముందుగా బ్రష్షుతో తొలగించిన తరువాతనే భాగాలను తొట్టిలో ఉంచాలి.

శుభ్రపరచే క్రమం

భాగాలను పూర్తిగా విడదీయాలి. కార్బురేటరును విప్పే ముందు దాని సూదిమరలను ఎన్ని చుట్లు తిప్పి అమర్చారో రాసి ఉంచుకుంటే, తిరిగి బిగించేటపుడు సులువుగా ఉంటుంది. కార్బురేటరులోని రబ్బరు వలయాలను వేరుచేయాలి.

తొట్టిలో నీరు పోసి, లోహాలకు హాని చేయని తటస్థ స్వభావం గల డిటర్జెంటును కొద్దిగా కలుపుతారు. డిటర్జెంటు నీటి తలతన్యతను తగ్గించి సందులలోకి ద్రవం చేరేలా చేస్తుంది. కొత్తగా పోసిన నీటిలో గాలి కరిగి ఉంటుంది. అది కావిటేషన్‌ను బలహీనపరుస్తుంది కాబట్టి, భాగాలను వేయక ముందు యంత్రాన్ని 5 నుండి 10 నిమిషాలు ఖాళీగా నడుపుతారు. ద్రవం 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నపుడు జిడ్డు తేలికగా వదులుతుంది. మరీ వేడెక్కితే బుడగలలో ఆవిరి చేరి దెబ్బ మెత్తబడుతుంది.

భాగాలను బుట్టలో ఉంచి వేలాడదీయాలి. తొట్టి అడుగున నేరుగా పెడితే రాపిడి వలన తొట్టి, కంపన సాధనాలు పాడవుతాయి. 3 నుండి 5 నిమిషాలకు ఒకసారి తీసి పరీక్షించడం, ఒకేసారి ఎక్కువసేపు ఉంచడం కంటె మంచిది. తరువాత మంచినీటితోను, చివరగా డిస్టిల్డ్ వాటరుతోను కడగాలి. బోరు నీటితో ముగిస్తే అందులోని లవణాలు తెల్లని మచ్చలుగా మిగిలిపోతాయి. ఉక్కు భాగాలు నూనె లేని స్థితిలో త్వరగా తుప్పు పడతాయి కాబట్టి వాటిని వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి.

బేరింగులు

బేరింగులకు రబ్బరు మూత ఉంటే దానిని సన్నని సూదితో జాగ్రత్తగా తీయవచ్చును. మూత తీయకుండా కడిగితే లోపలి మురికి పూర్తిగా బయటకు రాదు, చేరిన నీరు కూడా ఆరదు.

కడిగి ఆరబెట్టిన బేరింగును వేలితో తిప్పితే చాలాసేపు తిరుగుతుంది. నూనె కలిగించే నిరోధం లేకపోవడమే ఇందుకు కారణం గాని, అది బేరింగు ఆరోగ్యానికి గుర్తు కాదు. 65 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రాలతో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో చక్రపు బేరింగు నిమిషానికి సుమారు 4,900 సార్లు తిరుగుతుంది. నైట్రో ఇంజను బేరింగులు నిమిషానికి 30,000 చుట్లకు మించి కూడా తిరుగుతాయి. నూనె వేయకుండా బిగిస్తే అవి కొద్దిసేపటికే చెడిపోతాయి. గుంటలు పడిన బేరింగును శుభ్రపరచినా బాగుపడదు. నూనె వేసిన తరువాత కూడా గరగరమనే బేరింగును మార్చవలసినదే.

తొట్టిలో ఉంచకూడనివి

* మోటార్లు, సర్వోలు, రిసీవర్లు, వేగ నియంత్రకాలు, బ్యాటరీలు.
* రంగు వేసిన పాలికార్బనేటు బాడీలు, స్టిక్కర్లు అతికించిన భాగాలు.
* లోపల నురుగు అమర్చిన టైర్లు. వీటిలో చేరిన నీరు సులభంగా ఆరదు.
* బలమైన క్షార ద్రావణాలలో అల్యూమినియం భాగాలు. ఇటువంటి ద్రావణాలు అనోడైజింగు రంగును చెరిపి, లోహాన్ని కరిగిస్తాయి.

ప్రమాదాలు

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మంటలు పుట్టించే ద్రవాలను తొట్టిలో పోయడం. జిడ్డు త్వరగా వదులుతుందన్న ఆశతో పెట్రోలు, అసిటోను, ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నైట్రో ఇంధనం వాడరాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఆవిరి దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ వద్దనే అంటుకునే స్థాయికి చేరుతుంది. పెట్రోలు, అసిటోను ఇంకా తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఆ స్థాయికి వస్తాయి. అతిధ్వనులు ద్రవాన్ని వేడిచేయడమే గాక సన్నని తుంపరలుగా చిమ్ముతాయి. యంత్రం లోపలి విద్యుత్ వలయంలో పుట్టే ఒక్క నిప్పురవ్వ ఆ ఆవిరిని అంటించడానికి చాలును. చివరి కడుగుడుకు ఆల్కహాలు వాడవలసి వస్తే, యంత్రానికి దూరంగా, గాలి ఆడే చోట, విడి పాత్రలో వాడాలి. అది పూర్తిగా ఆవిరి కాకముందు హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టకూడదు.

నడుస్తున్న తొట్టిలో వేళ్ళు పెట్టరాదు. ద్రవం లేకుండా యంత్రాన్ని నడిపితే కంపన సాధనాలు దెబ్బతింటాయి. నీరు పోసేటపుడు, వంపేటపుడు ప్లగ్గును తీసివేయాలి. వాడిన ద్రవంలో నూనె, లోహపు రజను, ఇంధన అవశేషాలు ఉంటాయి కాబట్టి దానిని మురుగుకాలువలోగాని, చెట్ల మొదళ్ళలోగాని పోయకుండా వేరుగా నిల్వచేసి, పాత ఇంజను నూనెను సేకరించే వారికి అప్పగించడం మంచిది.