మహాధమని చికిత్స – మెదడునకు దొరికిన గడువు

కిరండూల్ నుండి కొత్తవలసకు పోవు రైలుమార్గము కొండచరియ విరిగి మూతపడినచో, విశాఖ రేవులో నిలువయున్న ఇనుప ఖనిజముతో ఓడలు కొంతకాలము నిండగలవు. మెదడునకు అట్టి నిలువ లేదు. శరీరపు బరువులో అది నూటికి 2 వంతులే. అయినను దేహము వాడు ప్రాణవాయువులో సుమారు 20 వంతులు కోరును. రక్తము ఆగిన నాలుగైదు నిమిషములలో దానికి తీరని చేటు కలుగును.

హృదయమునుండి వెలువడు మహాధమని ఛాతీలో విల్లువలె వంగినచోట మూడు శాఖలు బయలుదేరును. మెదడునకు రక్తము పోవుటకు అవియే దారులు. ఆ వంపు ప్రమాదకరముగా ఉబ్బినను, చీలినను చెడిన భాగమును కోసి కొత్త గొట్టము నమర్పవలసి వచ్చును. అందుకై రక్తప్రవాహము నాపినచో మెదడు చెడును. ఆపనిచో కుట్టు వేయుటకు వీలుండదు. శస్త్రవైద్యుల చిక్కు ఇదియే.

1950లో కెనడాలోని టొరాంటోలో బిగెలో ఒక మార్గము చూపెను. కుక్కల దేహమును 20 డిగ్రీలకు చల్లార్చి, 15 నిమిషములు హృదయమునకు రక్తము చేరకుండ జేసెను. వానిలో సుమారు సగము బ్రతికినవి. దేహము చల్లబడిన కొలది ప్రాణవాయువు అవసరము తగ్గునని అట్లు రుజువయ్యెను.

1957లో అమెరికాలోని హ్యూస్టనులో డిబేకీ, కూలీ మొదలగువారు వేరొక దారి త్రొక్కిరి. యంత్రముతో మెదడు ధమనులకు విడిగా రక్తమును పంపుచు, వంపును మార్చి రోగిని బ్రతికించిరి. అయితే ఆ పద్ధతిలో గొట్టములు పెక్కు, పని క్లిష్టము.

1975లో స్టాన్‌ఫర్డులో గ్రీప్ బృందము మరల చలువను ఆశ్రయించెను. రోగిని మిక్కిలి చల్లార్చి, ప్రవాహమును నిలిపి, వంపును మార్చిన 4 చికిత్సలను ప్రకటించెను. పద్ధతి సులభమై వ్యాపించెను. కాని చలువ యిచ్చు గడువు సుమారు అరగంటయే. అది దాటిన కొలది మెదడునకు భయము హెచ్చును.

ఆ గడువును పొడిగించుటకు జపాను వైద్యులు పూనుకొనిరి. 1990లో ఉయెదా బృందము సిరల గుండ వెనుకకు రక్తమును పంపు పద్ధతిని ప్రకటించెను. కజూయి, ధమనుల గుండనే చల్లని రక్తమును పంపు పద్ధతిని మెరుగుపరచెను. నేడు పెక్కుచోట్ల దేహమును మితముగా చల్లార్చి, మెదడునకు మాత్రము ధమని ద్వారా రక్తము నందింతురు. 1950 నాటి చలువయు, 1957 నాటి ప్రవాహమును ఇట్లు ఒక్కటైనవి.

ఈ గడువంతయు చికిత్సాశాల లోపలిది. అకస్మాత్తుగా ఛాతీలోనో వీపులోనో చీల్చునట్టి నొప్పి పుట్టినచో, పెద్ద పట్టణములకు దూరముగా నున్నవారు క్షణమైనను జాగు చేయరాదు. ధమని చీలుటకు ముఖ్యకారణమైన రక్తపుపోటును ముందుగనే అదుపులో నుంచుకొనుట అంతకంటె మేలు.