కంపెనీ మూసేసినా ఆగని ఆట

ఇది కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా రూములో నలుగురం కలిసి కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటుంది. దాంట్లో సగం చదువు, సగం ఆట. ఆట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. మేం పుట్టకముందు, 1999లో వచ్చింది. ఇంత పాత ఆటని ఇంకా లోకమంతా ఎందుకు ఆడుతున్నారని సీనియర్ అన్నని అడిగితే, "తయారుచేసినోళ్ల వల్ల కాదు తమ్మీ, ఆడేటోళ్ల వల్ల" అన్నడు. ఆ మాట పట్టుకుని వెతికితే దొరికిన చరిత్ర ఇది.

ఆడని వాళ్ల కోసం: మామూలుగా ఒక టౌన్ సెంటర్, ముగ్గురు విలేజర్లు, గుర్రం మీద ఒక స్కౌట్‌తో ఆట మొదలవుతుంది. గొర్రెల్ని కోసుకోవాలి, అడవి పందిని ఊరిదాకా ఉరికించుకొచ్చి కొట్టాలి, కట్టెలు కొట్టాలి, పొలం వేయాలి. సైన్యం తర్వాతి మాట. అడవి పక్క ఊళ్లలో పెరిగినం కాబట్టి మొదటి రోజే అర్థమైపోయింది. నిజం పంది ఇంత బుద్ధిగా వెంట రాదని మావాడొకడు ఇప్పటికీ నవ్వుతుంటడు.

తయారుచేసింది అమెరికాలోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్, అమ్మింది మైక్రోసాఫ్ట్. మొదట 13 జాతులు, 2000లో వచ్చిన కాంకరర్స్‌తో 18. వేరే ఊళ్లవాళ్లతో ఆడుకోవడానికి మైక్రోసాఫ్ట్ 'జోన్' అనే చోటు నడిపింది. 2006లో అక్కడ ఈ ఆటని ఆపేశారు. 2009లో స్టూడియోనే మూతపడింది. అక్కడితో కథ అయిపోవాలి.

కాలేదు. అప్పటికే ఆడేవాళ్ల మధ్య ఒక సంబంధం ఏర్పడి ఉంది. ఆటతోపాటే సొంతంగా మ్యాపులు, కథలు కట్టుకునే ఎడిటర్ ఇచ్చారు కదా, ఒకరు కట్టింది ఇంకొకరు ఆడేవారు, తప్పులు చెప్పేవారు. ఆడిన ఆటని రికార్డు చేసుకుని మళ్లీ చూసే వీలు కూడా ఉంది. ఓడినవాడు గెలిచినవాడి ఆట చూసి, ఎన్నో నిమిషానికి ఎంతమందిని కట్టెలకి పంపాడో లెక్కపెట్టుకునేవాడు. ఆ లెక్కలే కొత్తవాళ్లకి పాఠాలయ్యాయి. ఫీజు లేని ట్యూషన్ అన్నమాట.

ఇంకొకటి, భాష. ఆటలో 3 అని పంపితే తిండి ఇవ్వమని, 4 అంటే కట్టెలు ఇవ్వమని, 11 అంటే పెద్ద నవ్వు వినిపిస్తుంది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా జట్టు కట్టొచ్చు. ఇప్పటికీ ఈ ఆటగాళ్లు నవ్వాలంటే '11' అని రాస్తారు. మా రూములో ఇద్దరు గోండులు, ఒకరు కొలాం, ఒకరు నాయకపోడు. మొదటి ఏడాది తెలుగులో మాట్లాడాలంటేనే మాలో కొందరికి బెరుకు. మెస్సులో ఇంకో గరిటె అన్నం కావాలంటే మాలో మేం "మూడు" అనుకునేవాళ్లం.

జోన్ పోయాక ఆటగాళ్లు ఐజీజోన్స్‌కి, తర్వాత వూబ్లీకి చేరారు. పాత ఆటలోని లోపాల్ని సరిచేస్తూ యూజర్‌ప్యాచ్ రాసింది కూడా అభిమానులే. ఇంకొందరు 'ఫర్‌గాటెన్ ఎంపైర్స్' పేరుతో కొత్త జాతుల్నే కలిపారు. 2013లో మైక్రోసాఫ్ట్ ఆటని హెచ్‌డీగా మళ్లీ అమ్మకానికి పెట్టినప్పుడు, అదే ఏడాది ఆ అభిమానుల పని అధికారికంగా బయటికొచ్చింది. వాళ్లే స్టూడియో అయ్యారు. 2019 డెఫినిటివ్ ఎడిషన్ పనిలో ముందున్నది వాళ్లే.

ఇదంతా గొప్పే, కానీ మాకు ఒకచోట గుచ్చుకుంది. ఏళ్ల తరబడి ఊరికే పనిచేసింది ఆటగాళ్లు, ఆట హక్కు మాత్రం కంపెనీదే. అడవిని కాపాడేది ఒకరు, కాగితం ఇంకొకరి పేరు మీద. మనకి కొత్త కాదు.

అయినా ఆ అభిమానులు లేకపోతే మనదేశం ఆటలోకి ఎప్పుడొచ్చేదో. 1999 నాటి 13లో లేదు, 2000 నాటి 18లోనూ లేదు. 2013లో వాళ్లు కలిపిన ఐదింటిలో 'ఇండియన్స్' ఒకటి. దేశమంతటికీ ఒకే పేరు! 2022లో దాన్ని తీసేసి హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రవిడులు అని నాలుగు చేశారు. మా ల్యాప్‌టాప్ ఆ ఎడిషన్‌ని మోయలేదు, వీడియోల్లో చూసినం. ద్రవిడుల సైనికులు తమిళం మాట్లాడతారు. గోండి, కొలామి కూడా ద్రావిడ భాషలేనని మాలో ఒకడికి అప్పుడే తెలిసింది. ఆ నాలుగు పేర్లలో గోండులు లేరు.

కాంకరర్స్‌లో 1571 నాటి లెపాంటో యుద్ధం ఉంది, 1598 నాటి కొరియా యుద్ధం ఉంది. మరి 1564లో గఢా మండ్లా రాణి దుర్గావతి మొఘల్ సైన్యంతో పోరాడి ప్రాణమిచ్చిన నర్రయి యుద్ధం ఎందుకు ఉండకూడదు? ఎడిటర్ మన దగ్గరా ఉంది కదా. పాత హెచ్‌డీలోనే మొదలుపెట్టినం. ఒకవైపు కొండలు, ఇంకోవైపు గౌర్, నర్మద నదులు. రాణి ఎక్కిన ఏనుగు శర్మన్ కోసం ఇండియన్స్ ఏనుగు విలుకాడికి పేరు మార్చినం. చిక్కేమిటంటే, దాని మీద క్లిక్ చేస్తే మగవాడి గొంతు హిందీలో పలుకుతోంది. దాన్ని తీయడం రాలేదు. యుద్ధం మొదలయ్యే ముందు రాణి గొంతు గోండిలో వినబడేలా పెడదామనుకున్నం. గర్ల్స్ హాస్టల్ అక్కలు ఇద్దరు పలికి ఇస్తామన్నారు.

ఎడిటర్ పని తెలిసినోళ్లు ఎవరైనా ఉంటే ఆదివారం మా రూముకి రండి. వచ్చేటప్పుడు మౌస్ తెచ్చుకోండి, మాది పాడైంది.