జంపఖానాల కొత్తవాడ

పెళ్లి పందిట్లో, భజనలో, కార్మిక సంఘం మీటింగులో, కులపెద్దల పంచాయితీలో ముందుగా పరిచేది జంపఖానానే. దాన్ని ఎవరు నేశారో కూర్చున్నవాళ్లెవరూ అడగరు. అడిగితే తెలంగాణలో చాలాచోట్ల వచ్చే జవాబు వరంగల్ కొత్తవాడ.

వరంగల్ నిజానికి మూడు ఊళ్ల నగరం. కాజీపేట రైళ్లది. హన్మకొండ ఆఫీసులదీ కాలేజీలదీ, వేయిస్తంభాల గుడిదీ. వరంగల్ వైపుకొస్తే కోట, బజారు, ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు, మిర్చి ఘాటు. 2011 లెక్కల్లో ఆరు లక్షల పైచిలుకున్న నగర జనాభా, చుట్టుపక్కల పల్లెల్ని కలిపాక ఎనిమిది లక్షలు దాటింది. ఈ వరంగల్ వైపునే, ఎంజీఎం ఆసుపత్రికీ మట్టెవాడకూ దగ్గర్లో ఉంది కొత్తవాడ. ఇక్కడ ఎక్కువగా పద్మశాలీల ఇళ్లు.

ఓరుగల్లు నేత గొప్పదనం చెప్పేవాళ్లు మార్కోపోలోతో మొదలుపెడతారు. కాకతీయుల రేవు మోటుపల్లి గురించి రాస్తూ ఆయన సన్నని బట్టల్ని మెచ్చుకున్న మాట నిజమే. కానీ కొత్తవాడను ఆ సన్నబట్టకు వారసురాలిని చేయడం అతిశయోక్తి. దీని బలం ముతక నూలు, మోటు నేత, ఏళ్ల తరబడి చెక్కుచెదరని మన్నిక.

జంపఖానాకు దగ్గరి చుట్టం తివాచీ. మొఘల్ సైన్యం వెంట వచ్చిన పారశీక పనివాళ్లు ఇక్కడ స్థిరపడి ఆ విద్య నేర్పారని చెబుతారు. లండన్‌లో 1851లో జరిగిన మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్లాయి. భారతీయ కళల మీద జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో తెచ్చిన పుస్తకంలోనూ వాటి ప్రస్తావన ఉంది. తివాచీకి ముడులు వేసి నూగు తేలుస్తారు. ఒక్కొక్క ముడీ వేయాలి కనుక పని నత్తనడక, ధర ఆకాశం. జంపఖానాకు ముడుల్లేవు. పడుగును పూర్తిగా కప్పేలా పేకను దగ్గరగా అదిమి నేస్తారు కనుక రెండువైపులా వాడుకోవచ్చు. నవాబుల హాళ్లు పోయాక తివాచీకి గిరాకీ తగ్గింది. సామాన్యుడి ఇంట్లో మాత్రం జంపఖానా నిలిచింది.

1886లో కట్టిన వరంగల్ సెంట్రల్ జైలులో ఖైదీలు నేసిన జంపఖానాలకూ మంచి పేరుండేది. ఆసుపత్రి కోసం 2021లో ఆ జైలును కూల్చేశారు.

1889 నాటికి నిజాం రైలు వరంగల్ మీదుగా బెజవాడ చేరింది. సరుకుకూ మనుషులకూ దారి తెరుచుకుంది. 1934లో ఏడో నిజాం తన కొడుకు పేరిట ఇక్కడ అజంజాహీ బట్టల మిల్లు పెట్టించాడు. వేలమందికి జీతం, నగరానికి సైరన్ కూత, కార్మికోద్యమానికి ఒక చిరునామా దక్కాయి. ఆ మిల్లు 1974లో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికొచ్చి, తర్వాతి దశాబ్దాల్లో చిక్కిపోయి మూతపడింది. ఓరుగల్లులో నేత తెలిసిన చేతులకు అప్పటికే ఉన్న మరోదారి ఇంకా వెడల్పయింది: షోలాపూర్, భీవండి, సూరత్. అక్కడి మరమగ్గాల షెడ్లలో తెలుగు వినిపించడం ఇప్పటికీ వింతకాదు. జనాభా లెక్కలవాళ్లు ఇళ్లు లెక్కపెడతారు గానీ, ఇలాంటి వాడ జనాన్ని లెక్కగట్టాలంటే గుజరాత్, మహారాష్ట్రల దాకా పోవాలి.

వాడలో మిగిలినవాళ్లు ఊరుకోలేదు. గుంట మగ్గాల మీద చారల జంపఖానాలతో పాటు రంగు రంగును పెనవేసే ఇంటర్‌లాక్ నేత, నూలును ముందే కట్టి అద్దే చిటికి పని, కలంకారీ తరహా అచ్చులు వచ్చాయి. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. దర్రీ అన్నది జంపఖానాకే షోరూముల పేరు.

గుర్తింపు వచ్చినంత తేలిగ్గా గిరాకీ రాదు. జంపఖానాకు అసలు శత్రువు మరమగ్గం ఒక్కటే కాదు, టెంట్‌హౌస్ ప్లాస్టిక్ కుర్చీ కూడా. కింద కూర్చునే అలవాటు తగ్గేకొద్దీ వాడలో మగ్గం చప్పుడు తగ్గింది. సహకార సంఘాలకు రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో ఆర్డర్లే పెద్ద ఆసరా. కొనుగోలు ఆలస్యమైతే సరుకు గోదాముల్లో పేరుకుంటుంది. 2017లో వచ్చిన ‘నేతన్నకు చేయూత’ పొదుపు పథకంలో నేతకారుడు కూలిలోంచి ఎనిమిది శాతం వేస్తే ప్రభుత్వం పదహారు శాతం కలిపేది. మేలే, కానీ పొదుపు చేయాలంటే ముందు కూలి గిట్టాలి.

అదే ఏడాది అక్టోబరు 22న గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. సూరత్, షోలాపూర్ వెళ్లినవాళ్లను వెనక్కి రప్పించడం ప్రకటిత లక్ష్యాల్లో ఒకటి. 2023లో కేంద్రం పీఎం మిత్ర పథకం కిందికి దాన్ని తీసుకుంది. కొరియా సంస్థ యంగ్‌వన్ అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. సూరత్‌లో పెరిగిన నేతకారుడి కొడుకు ఈ పార్కులో పనికి కుదరొచ్చు. అతనికి తెలిసింది మరమగ్గం. తండ్రి కూర్చున్న గుంటలోకి దిగి జంపఖానా నేసే పని ఆ పార్కు ప్రణాళికలో లేదు.