టెర్మక్స్ ఎక్స్‌ట్రా కీస్: ఫోన్ కీబోర్డులో లేని బటన్లు స్క్రీన్‌పైకి.. సెట్ చేసుకోండిలా!

ల్యాప్‌టాప్ లేకపోయినా ఫోన్‌లోనే కోడింగ్ నేర్చుకునేవారికి టెర్మక్స్ యాప్ పెద్ద అండ. ఆండ్రాయిడ్ ఫోన్‌ను రూట్ చేయకుండానే లినక్స్ కమాండ్లు, పైథాన్, గిట్ అన్నీ నడిపించొచ్చు. కానీ చిక్కంతా కీబోర్డుతోనే. చాటింగ్ కోసం తయారైన మామూలు కీబోర్డులో కంట్రోల్, ఎస్కేప్, ట్యాబ్ లాంటి కీలు ఉండవు. కంట్రోల్ లేకపోతే ఆగకుండా నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపడం కష్టం. ఎస్కేప్ లేకపోతే విమ్ ఎడిటర్‌లో ఇరుక్కుపోయినట్టే. దీనికి పరిష్కారమే ఎక్స్‌ట్రా కీస్.

ముందుగా ఏముంటాయి?

యాప్ తెరవగానే కీబోర్డు పైన 2 వరుసల్లో 14 బటన్లు కనిపిస్తాయి. ఎస్కేప్, ట్యాబ్, కంట్రోల్, ఆల్ట్, 4 యారో కీలు, హోమ్, ఎండ్, పేజ్ అప్, పేజ్ డౌన్, స్లాష్, హైఫన్. హైఫన్ బటన్‌ను పైకి స్వైప్ చేస్తే పైప్ గుర్తు వస్తుంది. ఈ వరుసలు కనిపించకపోతే వాల్యూమ్ అప్ పట్టుకుని క్యూ నొక్కండి. మళ్లీ నొక్కితే దాక్కుంటాయి.

మార్చుకోవడం ఎలా?

* టెర్మక్స్ హోమ్ ఫోల్డర్‌లో 'డాట్ టెర్మక్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. పేరు ముందు చుక్క ఉంది కాబట్టి మామూలుగా కనిపించదు. అందులోని 'టెర్మక్స్ డాట్ ప్రాపర్టీస్' ఫైలే మనకు కావాల్సింది. ముందు దానికి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి.

* ఫైల్‌ను నానో ఎడిటర్‌లో తెరవండి. 'ఎక్స్‌ట్రా-కీస్' పేరుతో నమూనా లైన్లు అందులోనే ఉంటాయి. వాటి ముందున్న హ్యాష్ గుర్తు తీసేస్తేనే అవి పనిచేస్తాయి.

* ఒక్కో వరుసకు ఒక జత చదరపు బ్రాకెట్లు, మొత్తానికి బయట ఇంకో జత ఉండాలి. ఒక్కో కీ పేరు కోట్స్‌లో, మధ్యలో కామా. కంట్రోల్, ఎస్కేప్ లాంటి కీల పేర్లు నమూనాలో ఉన్నట్టే పెద్ద అక్షరాల్లో రాయాలి.

* కంట్రోల్-ఓ, ఆపై ఎంటర్ నొక్కి సేవ్ చేయండి. కంట్రోల్-ఎక్స్‌తో బయటికి రండి. తర్వాత 'టెర్మక్స్-రీలోడ్-సెట్టింగ్స్' అనే కమాండ్ ఇస్తే కొత్త బటన్లు వచ్చేస్తాయి. కమాండ్ మొత్తం చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫన్లతో కొట్టాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు

వరుసలను వేర్వేరు లైన్లలో రాస్తే, చివరిది తప్ప ప్రతి లైన్ చివర బ్యాక్‌స్లాష్ పెట్టాలి. అది మర్చిపోయినా, ఒక కామా జారిపోయినా మీ సెట్టింగ్ లోడ్ కాదు. పాత బటన్లే కనిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు, ఫైల్ తెరిచి సరిచేస్తే చాలు.

ఏ కీలు పెట్టుకోవాలి?

ఇక్కడే చాలామంది తడబడతారు. ఉన్నవన్నీ పెట్టేస్తే 4, 5 వరుసలై స్క్రీన్‌లో కోడ్ కనిపించడానికే చోటుండదు. 2 వరుసలు, మహా అయితే 3 చాలు. పైథాన్ నేర్చుకునేవారికి కోలన్, అండర్‌స్కోర్, బ్రాకెట్లు, కోట్స్ ఎక్కువ అవసరం. విమ్ వాడేవారు ఎస్కేప్‌ను బొటనవేలికి అందేచోట పెట్టుకోవాలి. తక్కువగా వాడే గుర్తులను వేరే బటన్‌కు పాపప్‌గా ఇస్తే, పైకి స్వైప్ చేసినప్పుడు వస్తాయి. చోటు కలిసొస్తుంది.

మ్యాక్రోలతో జాగ్రత్త!

ఒకే బటన్‌తో వరుసగా కొన్ని కీలు పనిచేసేలా మ్యాక్రో కూడా పెట్టుకోవచ్చు. గిట్ స్టేటస్ చూసే కమాండ్‌ను ఇలా ఒక్క ట్యాప్‌కు తెచ్చుకోవచ్చు. కానీ ఫైళ్లు డిలీట్ చేసే కమాండ్‌కు చివర ఎంటర్ జోడించారో, వేలు పొరపాటున తగిలినా పని అయిపోతుంది. టెర్మినల్‌లో రీసైకిల్ బిన్ ఉండదు. అలాంటి వాటికి ఎంటర్ చేత్తోనే నొక్కండి. పాస్‌వర్డ్‌లు మ్యాక్రోలో అస్సలు రాయొద్దు. అవి ఫైల్‌లో ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో దొరికిన సెట్టింగ్‌ను చదవకుండా పేస్ట్ చేయడం కూడా అంతే ప్రమాదం.

ఫైల్ మార్చకుండానే..

వాల్యూమ్ డౌన్ బటన్ కంట్రోల్‌లా పనిచేస్తుంది. దాన్ని పట్టుకుని సి నొక్కితే నడుస్తున్న ప్రోగ్రామ్ ఆగుతుంది. వాల్యూమ్ అప్‌తో ఇ నొక్కితే ఎస్కేప్, టి నొక్కితే ట్యాబ్. ఇక ఎక్స్‌ట్రా కీస్ వరుసను ఎడమవైపు స్వైప్ చేస్తే టైపింగ్ బాక్స్ వస్తుంది. పొడవైన కమాండ్‌ను అక్కడ తీరిగ్గా సరిచూసుకుని, ఆ తర్వాతే టెర్మినల్‌కు పంపొచ్చు.