అర సెకను దొంగ

2024 మొదట్లో ఒక రోజు. జర్మనీలో అమ్మానాన్నల్ని చూసి అమెరికాకి తిరిగొస్తున్నాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. మైక్రోసాఫ్ట్‌లో ఇంజనీరు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పని. విమానంలో టెస్టుల లాగ్ తిరగేస్తుంటే మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ ఏవో ఎర్రర్లు చూపించింది. ఎప్పుడూ చూడనివి. ప్రయాణ బడలిక. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాడు. కానీ మర్చిపోలేదు.

మార్చి నెలాఖరు. పోస్ట్‌గ్రెస్ వేగాన్ని కొలుస్తున్నాడు. అలాంటి కొలతలప్పుడు కంప్యూటర్లో ఇంకో పనేదీ నడవకూడదు. ఏదో నడుస్తోంది. చూస్తే ఎస్‌ఎస్‌హెచ్‌డీ, బయటి నుంచి లాగిన్ అయ్యేవాళ్లకి తలుపు తీసే ప్రోగ్రామ్. ఎవరివో బాట్లు తప్పుడు పేర్లతో తలుపు తడుతున్నాయి, అది రోజూ ఉండేదే. వాటిని వెనక్కి పంపడానికి ఇంత సీపీయూ దేనికి? ఒక్కో లాగిన్ ప్రయత్నానికి పట్టే టైమ్ కొలిచాడు. ఇదివరకు 0.299 సెకన్లు. ఇప్పుడు 0.807. ఆ అర సెకను ఎక్కడికి పోతోంది?

ప్రొఫైలర్ పెట్టాడు. దొరికింది లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ. ఎక్స్‌జెడ్ ప్యాకేజీలో ఫైళ్లని కుదించే లైబ్రరీ. లాగిన్‌లో దానికేం పని? అందులో ఏ ఫంక్షన్ ఆ టైమ్ తింటోందంటే, పేరే లేదు. విమానంలో చూసిన ఎర్రర్లు అప్పుడు గుర్తొచ్చాయి.

డెబియన్ లినక్స్ ప్యాకేజీని ఎవరో చెడగొట్టారనుకున్నాడు. తవ్వాడు. కాదు. విషం పైనే, ఎక్స్‌జెడ్ సోర్స్ విడుదలలోనే కలిసింది.

ఎక్స్‌జెడ్ లాంటి ప్యాకేజీని సోర్స్ నుంచి కట్టడమంటే ముందు కాన్ఫిగర్, తర్వాత మేక్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన మేక్‌ది ఇప్పటికీ అదే పద్ధతి. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో చూస్తుంది, దాని కింద రాసిన కమాండ్ నడిపేస్తుంది. కంపైలర్ని పిలవమన్నా సరే, ఫైలు చెరిపేయమన్నా సరే. ఎందుకని అడగదు.

ఆ అడగకపోవడమే ఆసరా. అందరూ చూసే గిట్‌లో లేకుండా విడుదల టార్‌బాల్‌లో, అంటే సోర్స్ మూటలో, మాత్రమే ఉన్న ఒక ఎం4 ఫైలు, కాన్ఫిగర్ నడవగానే, పాడైపోయిందని పేరు పెట్టిన ఒక టెస్ట్ ఫైల్లో బైట్లు అటూ ఇటూ మార్చి చిన్న స్క్రిప్ట్ బయటికి లాగింది, ఆ స్క్రిప్ట్ ఇంకో టెస్ట్ ఫైల్లోంచి పెద్ద స్క్రిప్ట్ లాగింది, ఆ పెద్ద స్క్రిప్ట్ ఇది 64-బిట్ లినక్సేనా, డెబ్ గానీ ఆర్‌పీఎం గానీ ప్యాకేజీ కడుతున్నారా అని చూసుకుని మేక్‌ఫైల్లో తన కమాండ్లు దూర్చింది, చివరికి మేక్ తన మామూలు పని తాను చేస్తున్నట్టే ఒక రహస్య ఆబ్జెక్ట్ ఫైలుని లైబ్రరీలో కలిపేసింది. కొన్ని లినక్స్‌లలో ఎస్‌ఎస్‌హెచ్‌డీ సిస్టమ్‌డీ ద్వారా ఆ లైబ్రరీని లోడ్ చేసుకునేది. రహస్య తాళంచెవి ఉన్నవాడు లాగిన్ కాకుండానే ఆ మెషీన్ మీద ఏ కమాండైనా నడపగలిగేవాడు.

ఇంతకీ ఎవరు పెట్టారు?

జియా టాన్. 2021లో కనిపించిన పేరు. ఎక్స్‌జెడ్‌ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఫిన్లాండ్‌కి చెందిన లాస్సె కొలిన్. జీతం లేని పని. చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని 2022లో ఆయనే చెప్పుకున్నాడు. ముక్కూమొహం తెలియని పేర్లు మాత్రం పని వేరేవాళ్లకి అప్పజెప్పమని ఒత్తిడి పెడుతూనే ఉన్నాయి. ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతున్న జియా టాన్ చేతికి అధికారం వచ్చింది. అలసిన మనిషిని చూసి వేసిన వల అదని చాలామంది అనుమానం. విషం కలిసిన వెర్షన్లు, 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 విడుదలయ్యాయి.

మార్చి 29, గుడ్ ఫ్రైడే. ఈ సంగతి చెబుతూ ఫ్రాయిండ్ రాసిన మెయిల్ బయటికొచ్చింది. ప్రమాద తీవ్రత పదికి పది. డెబియన్, ఫెడోరా ప్రయోగ వెర్షన్లలోకి ఆ విషం అప్పటికే చేరిపోయింది. అందరూ వాడే స్థిరమైన వెర్షన్లకి మాత్రం ఇంకా చేరలేదు. ఉబుంటు తన బీటాని వారం వాయిదా వేసింది. మన హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ అధిపతి సత్య నాదెళ్ల ఫ్రాయిండ్‌ని బహిరంగంగా మెచ్చుకున్నాడు.

మే 29న కొలిన్ ఆ విషాన్ని తీసేసి 5.6.2 విడుదల చేశాడు. జియా టాన్ ఎవరో బయటి ప్రపంచానికి ఇంకా తెలియదు. మీరు బిల్డ్‌లు నడిపేవాళ్లయితే, టార్‌బాల్‌ని గిట్‌తో పోల్చి చూడండి. మీ మేక్‌ఫైళ్లు ఏ కమాండ్లు నడుపుతున్నాయో తెరిచి చదవండి.