పరీక్ష తప్పితేనే పంపు

ఇన్సులిన్ పంపు చరిత్రను యంత్రాల వరుసగా చెప్పడం వాడుక. 1960ల్లో అమెరికాలో ఆర్నాల్డ్ కాడిష్ తయారుచేసిన, వీపున మోయాల్సినంత పెద్ద పరికరం. 1978లో లండన్ గైస్ ఆస్పత్రిలో జాన్ పికప్, హ్యారీ కీన్ బృందం వాడి చూపిన చిన్న పంపు. షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచితే కళ్లు, మూత్రపిండాలు నిలుస్తాయని 1993లో తేల్చిన అమెరికా అధ్యయనం. ఆ తర్వాత కూడా పంపు అందనివారికి ధరే అడ్డు అంటారు. చాలామంది సొంత డబ్బుతో కొనుక్కునే మన దేశంలో ఆ మాట నిజమే. కానీ కథంతా అదేనా?

ఇంగ్లండ్‌లో పంపుకు రోగి డబ్బు కట్టనక్కర్లేదు. చికిత్సల విలువ తేల్చే నైస్ సంస్థ 2003లోనే టైప్-1 మధుమేహానికి పంపును ఆమోదించింది. నైస్ ఇలా ఆమోదించినదానికి ప్రభుత్వ వైద్యసేవ నిధులివ్వాలన్నది చట్టం. అయినా పదేళ్ల తర్వాత, 2013 నాటి బ్రిటన్ లెక్కల్లో, టైప్-1 ఉన్న పెద్దల్లో పంపు వాడుతున్నది నూటికి ఆరుగురు; పిల్లల్లో పంతొమ్మిది మంది.

కారణం నియమాల్లోనే కొంత కనిపిస్తుంది. 2008 సవరణ ప్రకారం పన్నెండేళ్లు నిండినవారు రోజుకు నాలుగైదు ఇంజెక్షన్లు తీసుకుంటూ, జాగ్రత్తలన్నీ పాటించినా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) 8.5 శాతం దగ్గరో, ఆ పైనో ఉండాలి. లేదా బతుకును కుంగదీసేలా లో షుగర్ వస్తుండాలి. పంపు పెట్టాక మెరుగుదల నిలకడగా కనబడితేనే కొనసాగింపు. అంటే పంపు రావాలంటే ఇంజెక్షన్ల పరీక్ష తప్పాలి. వచ్చింది చేజారకూడదంటే పంపు పరీక్ష నెగ్గాలి.

ఈ జాగ్రత్తను పూర్తిగా కొట్టిపారేయలేం. పంపులో ఉండేది త్వరగా పనిచేసి త్వరగా తగ్గిపోయే ఇన్సులిన్ మాత్రమే. గొట్టం మడతపడితే కొన్ని గంటల్లోనే రక్తంలో కీటోన్లు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. పైగా తిండికి తగ్గట్టు మోతాదు లెక్కగట్టడం అందరికీ ఒకేలా నేర్పి, కొందరికి పంపు, కొందరికి ఇంజెక్షన్లు ఇచ్చి చూసిన రిపోజ్ అధ్యయనంలో (2017) రెండేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మేలు చాలావరకు నేర్పడంలో ఉందన్నమాట. కానీ ఆ నేర్పేవాళ్లే కరువు. పంపు మొదలుపెట్టాలంటే తర్ఫీదు పొందిన డాక్టరు, నర్సు, డైటీషియన్ కలిసిన బృందం ఉండాలి. ఆ బృందం లేని చోట అర్హత ఉన్నవారికీ ఎదురుచూపే మిగులుతుంది.

అయితే సిబ్బంది కొరతతోనే అంతా తేలిపోదు. పేద ప్రాంతాల పిల్లలకు, నల్లజాతి పిల్లలకు పంపులు తక్కువగా అందుతున్నాయని ఇంగ్లండ్, వేల్స్ పిల్లల మధుమేహ గణాంకాలే చెబుతున్నాయి. 2003 నియమం రోగిలో ‘నిబద్ధత, సామర్థ్యం’ ఉండాలంది. వాటిని తూచేది ఎదుట కూర్చున్న వైద్యబృందమే. అలాంటి తూకం తెలియకుండానే ఒకవైపు మొగ్గుతుందని నా అనుమానం.

2023 డిసెంబరులో నైస్ తలుపు వెడల్పు చేసింది. షుగర్ చూసి తనంతట తాను మోతాదు సర్దుకునే పంపులు పిల్లలకూ, గర్భిణులకూ, హెచ్‌బీఏ1సీ 7.5 శాతం, ఆ పైన ఉన్న పెద్దలకూ అయిదేళ్లలో అందాలట. మేలే. కానీ రాత్రుళ్లు లేచి చూసుకుంటూ 7.2 దగ్గర నిలబెట్టుకుంటున్న మనిషి, ప్రమాదకరమైన లో షుగర్ లేకపోతే, ఇప్పటికీ బయటే. బాగా చదివినందుకు శిక్ష!

గడువు ముగిశాక ఎన్ని పంపులు పంచారో లెక్క వస్తుంది. ఆ పక్కనే ఎందరు నర్సులను, డైటీషియన్లను కొత్తగా నియమించారో, పంపులు ఏ పేటలకు వెళ్లాయో కనబడనిదే దాన్ని ప్రగతి అని రాయడానికి నాకు చేతులు రావు.